మన కొట్లాట పక్కింటితోని కాదు
(తెలంగాణ అవతరణ దినం సందర్భంగా జరిగిన బస్తీ సభలో ప్రసంగ పాఠం)



జూన్ 2 వచ్చిందంటే అమరులను యాది చేసుకుంటం. నీళ్లు, నిధులు, నియామకాల లెక్క అడుగుతం. అడగాల్సిందే. కానీ ఈ పొద్దు మన గల్లీ లెక్క కూడ తీద్దాం.

2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. సింగరేణిలో బొగ్గు ఆగింది. ఆర్టీసీ బస్సులు డిపోలు దాటలేదు. జీతాలు బందయినయి. మన బస్తీల కండక్టర్లు, టీచర్లు ఎట్ల బతికిన్రు? కిరాణ కొట్టాయన ఖాతా రాసుకున్నడు. ఇంటి ఓనర్లు కిరాయి అడుగలేదు. వంటా వార్పు నాడు నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, కులం అడుగకుండ ఒక్క బంతిల కూసొని తిన్నం. అది మన గొప్పతనం.

అవే రోజులల్ల ఒక తప్పు కూడ చేసినం. గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి మన గల్లీల కిరాయికుండె. మన పోరగాండ్లు వాళ్ల గేటు ముంగట నిలబడి 'భాగో' అని అరిచిన్రు. పెద్దోళ్లం మేం విని కూడ ఊకున్నం. ఆ ఇంటి అక్క నల్లా కాడికి రావుడు బందు చేసింది. గదే నెల ఒక కండక్టరన్న బిడ్డకు రాత్రిపూట జ్వరం ముదిరితే, ఆటో మాట్లాడి దవాఖానకు తీస్కపోయింది ఆ అక్కనే. తెల్లారి మేం తప్పు ఒప్పుకోవడానికి పోయినం. చాయ్ పోసి ఒక్కటే అడిగింది: "మీ కొట్లాట మాతోనా, పాలకులతోనా?"

జవాబు మనకు తెలుసు. 1956 ఫిబ్రవరి 20న రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందాన్ని తుంగల తొక్కింది పాలకులు. 1969ల పిల్లల మీద తూటాలు పేల్పించింది పాలకులు. కిరాయింట్ల ఉన్న అక్క కాదు. కొట్లాడుడు తప్పు కాదు, ఎవరితోని కొట్లాడుతున్నమో మరువుడు తప్పు.

మరి ఇయ్యాల మనకు పరాయోళ్లు ఎవరు? మన అపార్టుమెంట్లు కడుతున్న బీహార్, ఒడిశా కూలీలు. 2020 మార్చిల లాక్‌డౌన్ పెడితే పిల్లలను భుజాన ఏసుకొని నడిచిపోయినోళ్లు. టులెట్ బోర్డు చూసి వచ్చినోళ్లను మనం మొదలు అడిగేది ఏంది? "మీరు ఏమిటోళ్లు?" దళితుడంటే, ముస్లిం అంటే "రూము అయిపోయింది" అంటున్నం. మన యాసను చూసి నవ్విన్రని ఏడ్చిన మనమే ఇంకొకరి పేరు విని తలుపు మూస్తున్నం. ఇది ఆత్మగౌరవమా?

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ దవాఖాన తోటల ఒక చింతచెట్టు నూటయాభై మంది ప్రాణాలు కాపాడింది. ఎక్కినోళ్లను అది ఏ కులమని అడుగలేదు. పీర్ల పండుగకు అందరం కలిసి ఆడిన ఊర్లు మనయి. దసరా నాడు జమ్మి చేతుల పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చుకునే జాతి మనది.

అందుకే ఈ సభల మూడు మాటలు అనుకుందాం. కిరాయికిచ్చేటప్పుడు కులం, మతం అడుగం. పండుగల కాడ పంచాది వస్తే పోలీస్ స్టేషన్ కంటే ముందు గల్లీల కూసుంటం. బస్తీ కమిటీల సగం మంది ఆడోళ్లుంటరు.

రాష్ట్రాన్ని ఢిల్లీతోని కొట్లాడి తెచ్చుకున్నం. గల్లీని మార్చుకోవాలంటే మాత్రం మనతోని మనమే కొట్లాడాలె.

జై తెలంగాణ!