నల్లరేగడి నేలయు, లెక్కల చదువును



సంగారెడ్డి జిల్లా నారాయణఖేడు ప్రాంతమున, కర్ణాటక సరిహద్దునకు దాపున కంగ్టి మండలము కలదు. అచ్చటి పొలములలో నల్లరేగడి విరివిగా కానవచ్చును. వేసవిలో ఆ నేల చేయి దూరునంత వెడల్పున నెర్రెలు విచ్చును. రెండు మంచి వానలు పడినంతనే నెర్రెలు పూడుకొని, కాలి చెప్పు ఊడివచ్చునంతటి జిగురుబురద యగును. పత్తికి, కందికి, శనగకు ఇది తల్లివంటి నేల. ఇల్లు కట్టుకొనువానికి మాత్రము సవతితల్లి.

మేమొకమారు ఆ వైపు పోయినపుడు ఒక రైతు తన యింటి గోడను మాకు చూపెను. కిటికీ మూలనుండి పైకప్పు వరకు ఏటవాలుగా బీట పారియుండెను. కూడబెట్టిన సొమ్మంతయు ఆయన ఆ యింటికే వెచ్చించియుండెను. "సారూ, బజార్ల మూడంతస్తుల మేడ మంచిగనే నిలవడ్డది. మా చిన్నిల్లే పగిలె. బరువు లేనోనికే కష్టమా?" అని ఆయన అడిగెను. పాలిటెక్నిక్‌లో సివిలు చదువుచున్న ఆయన కుమారుడు ప్రక్కనే నిలిచి తల వంచుకొనెను. ఆనాడు మేమును బదులు చెప్పలేకపోతిమి. తరువాత చదివి, తెలిసినవారినడిగి గ్రహించినదానిని నేడు మనవి చేయుచున్నాము.

నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైటు అను బంకమట్టి ఖనిజము కలదు. అది కంటికి కానరాని పలుచని పొరల దొంతర. నీరు ఆ పొరల నడుమ చేరగా అవి యెడబడి నేల ఉబ్బును. నీరు పోగా కుంగును. ఇంటి నడిమిభాగము క్రింది తేమ ఏడాదిపొడుగున అంతగా మారదు. గోడల అంచుల క్రింది తేమయో, ఋతువును బట్టి మారుచుండును. అంచులు లేచుచు దిగుచుండగా నడుమ కదలదు. కావున గోడ బీటలు వారును. ఉబ్బు మట్టి పైకి నెట్టునపుడు దానినణచుటకు బరువు కావలెను. ఒక్క అంతస్తు ఇంటికి ఆ బరువు చాలదు. మేడకు బరువును ఎక్కువ, పునాదియు తరచుగా లోతే. రైతు వేదనతో అన్న మాటలోనే శాస్త్రమున్నది.

ఇంతవరకు మాటలతో చెప్పితిమి. ఎంత ఉబ్బును, ఎచ్చట పగులును అనుటకు లెక్క కావలెను. యంత్రశాస్త్రమున ఏ వస్తువునకైనను మూడు విషయములు చూడవలెను. మొదటిది బలముల సమతూకము. రెండవది వస్తువు తెగక, ఒకదానిలో నొకటి చొరక కదలుట. ఈ రెండును ఇనుమునకును, మట్టికిని ఒక్కటే. మూడవది ఆ పదార్థము యొక్క స్వభావము: ఇంత బలమునకు ఇంత మార్పు అను నియమము. అన్ని చిక్కులును ఇచ్చటనే. స్ప్రింగు నియమమును హుక్ 1678లోనే ప్రకటించెను. రేగడికి అది చాలదు. ఏలయన రేగడి తన గతమును మరువదు. నిరుడెంత ఎండినది, పైన ఎంత బరువు మోసినది అనుదానిని బట్టి నేటి నడవడి యుండును.

తడిమట్టికి 1968లో కేంబ్రిడ్జి పరిశోధకులు రోస్కో, బర్లాండు ఒక ప్రసిద్ధ నమూనా నిచ్చిరి. సగము తడిసి సగమెండిన మట్టికి 1990లో బార్సిలోనాకు చెందిన అలోన్సో, గెన్స్, జోసా మరియొకటి నిర్మించి, తదుపరి ఉబ్బు మట్టికిని దానిని విస్తరించిరి. ఈ నియమములను గణనయంత్రమున కెక్కించు పద్ధతియే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. వస్తువును చిన్నచిన్న ముక్కలుగా భావించి, ఒక్కొక్క ముక్కకు లెక్క కట్టి, మరల కూర్చుట దీని సారము. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనువారు విమాన నిర్మాణములకై దీనిని వివరించిరి. 1960లో క్లఫ్ దీనికా పేరు పెట్టెను.

ఒక హెచ్చరిక. యంత్రము తానుగా సత్యమును కనిపెట్టదు. విత్తిన గింజయే మొలచును. పదార్థ నియమము తప్పయినచో, రంగురంగుల చిత్రములతో తప్పునే చూపును. ఒక ప్రయోగమునకు సరిపడునట్లు నమూనాను దిద్దుట సులభము. చూడని రెండవ ప్రయోగమును అది ముందుగా చెప్పగలదా అనునదే పరీక్ష.

ఈ విద్యలో మనవారు వెనుకబడినవారు కారు. 1945లో ఓరుగల్లు ప్రాంతమున జన్మించిన జె. ఎన్. రెడ్డిగారు 1968లో ఉస్మానియాలో ఇంజనీరింగు పట్టము పొంది, అమెరికాలో ఆచార్యులై, పొరలపొరల మిశ్రమ పదార్థముల పలకలకు 1984లో ప్రకటించిన సిద్ధాంతముచే లోకప్రసిద్ధులైరి. గుడివాడకు చెందిన అట్లూరి సత్యనాథముగారు ముక్కల వల లేకయే లెక్క కట్టు పద్ధతిని 1998లో వెలువరించిరి. 2013లో పద్మభూషణ్ పొందిరి.

కంగ్టి విద్యార్థికి దారి యేది? పాలిటెక్నిక్ ముగించినవారు ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరవచ్చును. అటుపై గేట్ పరీక్ష. దానిలో నెగ్గి ఐ.ఐ.టి.లలో ఎం.టెక్.కు చేరినవారికి భృతి లభించుచున్నది. 2023లో కేంద్రప్రభుత్వము జూనియర్ పరిశోధక భృతిని నెలకు 37,000 రూపాయలు చేసినది. ఇక హైదరాబాదు ఐ.ఐ.టి. 2008లో ఎద్దుమైలారమున తాత్కాలికముగా ఆరంభమై, తరువాత కందికి చేరినది. రెండును ఈ సంగారెడ్డి జిల్లాలోనివే. పరిశోధనకు సముద్రములు దాటనక్కరలేదు.

గృహస్థులకు రెండు మాటలు. వాననీరు గోడ మొదట నిలువకుండ చుట్టును వాలుగా గచ్చు వేయుడు. గోడ దాపున పెద్ద చెట్లు నాటకుడు. క్రొత్తగా కట్టువారు ఇంజనీరు నడిగి, సుమారు 3.5 మీటర్ల లోతున అడుగు ఉబ్బెత్తుగల పైల్ పునాది తగునేమో తెలిసికొనుడు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దీనిని ఇట్టి నేలలకై రూపొందించినది.

ఆ కుమారునికి మేము చెప్పదలచినది ఇది. నాయనా! ఆ బీట కడకొనలయందు పెన్సిలుతో గీత గీసి తేదీ వేయుము. వెడల్పు కొలిచి వ్రాసికొనుము. చైత్రమున నొకమారు, భాద్రపదమున నొకమారు. రెండేండ్ల కొలతలు నీ చేతనున్నచో, ఏ ఆచార్యుని యెదుటకు పోయినను నీవు వట్టిచేతులతో పోయినవాడవు కావు. మీ నాయనగారి ప్రశ్నకు జవాబు చెప్పు పని ఇక నీది.