సోదాకూ ఒక మర్యాద ఉంది



ఇంట్లో తెలుగు, బజారులో ఇంకో భాష, కచేరీ కాగితాల్లో మరో భాష. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఇది అలవాటే. పెద్దవాళ్లం ఎలాగో నెట్టుకొస్తాం. కాని మన పల్లె కుర్రవాడొకడు, పదహారేళ్లవాడు, పని కోసం దూరపు పట్నం వెళ్లాడనుకుందాం. అక్కడ సెల్‌ఫోను దొంగతనం అనుమానంతో పోలీసులు పట్టుకున్నారు. మొదట జరిగేది సోదా. "జేబులు తియ్యి" అంటారు. ఆ మాట వాడికి అర్థం కాదు. ఆలస్యం చేస్తే మొండికేశాడనుకుంటారు. అటువంటి వేళ చట్టం ఏం చెబుతుందో ఈ రోజు తెలుసుకుందాం.

పద్దెనిమిదేళ్లు నిండనివారికి వర్తించేది 2015 నాటి బాలల న్యాయ చట్టం. ఇది 2016 జనవరి 15 నుంచి అమలులో ఉంది. ఆ చట్టం ప్రకారం పిల్లవాణ్ణి లాకప్‌లో గాని జైల్లో గాని పెట్టకూడదు. ప్రయాణ కాలం పోను, 24 గంటల్లోగా బాలల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. బేడీలు వేయకూడదు. నేరం ఒప్పుకోమని బలవంతం చేయకూడదు. ఏ వాంగ్మూలం మీదా సంతకం పెట్టించకూడదు. తల్లిదండ్రులకు కబురు చేయాలి.

ఇక సోదా సంగతి. సోదా అసలు చేయకూడదని చట్టం అనలేదు. పిల్లవాడి దగ్గర బ్లేడో, మత్తుమందో ఉంటే వాడికీ, తోటి పిల్లలకూ ప్రమాదమే కదా! అయితే దానికి పద్ధతి ఉంది. 2016లో కేంద్రం తెచ్చిన మాదిరి నియమాల ప్రకారం, పరిశీలన గృహంలో చేర్చుకునేటప్పుడు ఆడపిల్లను మహిళా ఉద్యోగే సోదా చేయాలి. మగపిల్లవాడికైనా, ఆడపిల్లకైనా మర్యాదకు, మానానికి భంగం కలగకూడదు. "మగపిల్లవాడే కదా" అని పదిమంది ఎదుట బట్టలు విప్పించడం ఏ విధంగా మర్యాద అవుతుంది?

దొరికిన డబ్బు, వస్తువులు గృహం అధికారి భద్రపరచాలి. రిజిస్టరులో రాయాలి. రాసినది సాక్షి ఎదుట పిల్లవాడికి చదివి వినిపించాలి. సాక్షి చేత సంతకం చేయించాలి. వాడి జేబులో ఉన్నది నలభై రూపాయలూ, అమ్మ కట్టిన తాయెత్తూ కావచ్చు. అవైనా వాడి సొత్తే.

శ్రోతలారా, "చదివి వినిపించాలి" అన్న ఆ ఒక్క మాట మనకు ముఖ్యం. అర్థం కాని భాషలో చదివితే వినిపించినట్టు అవుతుందా? అందుకే దుబాసీ సాయం కావాలని అడగండి. అవసరమైన పిల్లవాడికి దుబాసీని సమకూర్చమని నియమాలు పోలీసులకు చెబుతున్నాయి. విచారణలో వాడే భాష పిల్లవాడికి తెలియకపోతే దుబాసీని ఏర్పాటు చేయడం మండలి విధుల్లో ఒకటని చట్టంలోని 8వ సెక్షనే చెబుతోంది. ఇది ఎవరో పెట్టే భిక్ష కాదు.

పొరపాటు జరిగితే ఏం చేయాలి? పిల్లవాణ్ణి మండలి ముందుకు తెచ్చినప్పుడే ఆ సంగతి చెప్పండి. పట్టుకున్న క్షణం నుంచి పిల్లవాడి హక్కులు కాపాడవలసిన బాధ్యత మండలిదే. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఉచిత న్యాయ సహాయానికి ఫోను నంబరు 15100. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది. పిల్లల బాధ్యత చేతిలో ఉన్నవారే క్రూరంగా ప్రవర్తిస్తే 75వ సెక్షను కింద జైలుశిక్ష పడవచ్చు.

తప్పు చేశాడో లేదో మండలి తేలుస్తుంది. అంతవరకు వాడికి దురుద్దేశం లేదనే చట్టం భావించమంటోంది. జేబులు వెతకవచ్చు గాని, పిల్లవాడి పరువు తీయకూడదు. పనికి పంపే ముందు మీ పిల్లలకు ఒక్క మాట నేర్పండి: "నాకు తెలుగు వస్తుంది, తెలుగు తెలిసినవారిని పిలవండి" అని ఆ ఊరి భాషలో చెప్పడం. దారిబత్తెంతో పాటు ఆ మాట కూడా మూట కట్టి పంపండి.