గాడిద వీలునామా

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



వార్షిక నివేదికను మీరు వింటిరి. ఇక కొలది నిమిషములు దూరదేశపు పండుగ నొకదానిని గూర్చి ముచ్చటింప దలచితిమి. అందు మనకు పనికివచ్చు పాఠమొకటి కలదు.

స్పెయిను దేశమునకు వాయవ్యమున గలీసియా అను ప్రాంతము కలదు. అచ్చటి ఓరెన్సె మండలమున, కొండల నడుమ, లాథా అను చిన్న ఊరున్నది. క్రైస్తవులు ఈస్టరు పండుగకు ముందు నలువది దినములు ఉపవాస నియమములు పాటింతురు. ఆ నియమము ఒక బుధవారమున ఆరంభమగును. దానికి ముందటి దినములలో విందులును, వేషములును, పరిహాసములును యథేచ్ఛగా సాగును. అదియే కార్నివాలు. లాథావారు తమ భాషలో దానిని 'ఎంత్రోయిదో' అందురు.

ఆదివారమున 'పెలికెయిరో'లను వేషధారులు బయలువెడలుదురు. ముఖమునకు రంగులు వేసిన కొయ్యముసుగు, దానిపై జంతువు బొమ్మ చిత్రించిన ఎత్తైన కిరీటము, నడుమునకు పెద్ద గంటలు, చేత కొరడా. వారు గంటలు మ్రోగించుచు పరుగెత్తి వచ్చునపుడు దారిలోనివారు తొలగవలెను. దెబ్బ తగిలినను కోపింపరాదు. సోమవారము ఉదయమున బురదలో ముంచిన గుడ్డపేలికలను ఒకరిపై నొకరు విసరుకొందురు. సాయంకాలమున కొయ్య ఆవుతల పట్టిన వేషగాడు వచ్చును. వెంటనున్నవారు చీమలతో కూడిన మట్టిని జనముపై చల్లుదురు. పెద్ద, చిన్న అను భేదమే లేదు!

మంగళవారపు వేడుక మాకు మిక్కిలి నచ్చినది. ఆ దినమున గాడిద వీలునామాను చదువుదురు. గాడిద తన అవయవములను ఊరివారికి పంచియిచ్చినట్లు పద్యములలో వ్రాసియుందురు. ఎవరికి ఏ భాగము దక్కెనో చెప్పుటలోనే ఆ యేటి ఊరి వింతలన్నియు బయటపడును. ఆ పద్యములు స్పానిషు భాషలో నుండవు; వారి గలీసియను భాషలోనే యుండును.

1937లో ఫ్రాంకో ప్రభుత్వము కార్నివాలును నిషేధించెను. 1975 వరకు సాగిన ఆయన పాలనలో గలీసియను భాషకు బడులలోను, కచ్చేరీలలోను చోటు దొరకలేదు. 1981లో గాని దానికి అచ్చట అధికారభాషా స్థానము లభింపలేదు. అంతవరకు ఆ భాషను ఇల్లును, పొలమును, పండుగయును కాపాడినవి.

మన స్థితి దీనికి విపరీతముగా నున్నది. మన రాజ్యాంగపు 30వ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు పాఠశాలలు నెలకొల్పుకొను హక్కు నిచ్చినది. మనకు బడి కలదు. మరి ఇంట? ఈ యేడు పై తరగతుల పిల్లలను, అవ్వ చెప్పిన పొడుపుకథ నొకదానిని చెప్పుడని యడిగితిమి. వ్యాకరణమున మంచి మార్కులు తెచ్చుకొన్నవారే తలలు వంచుకొనిరి. "మాకెవరును చెప్పలేదండీ" అని ఒక బాలిక మెల్లగా ననెను.

ఇది పిల్లల దోషము కాదు. భాషను మార్కులకొరకే నేర్పిన లోపము మాయందును కలదు. బడి అక్షరముల నియ్యగలదు; ఆ భాషలో నవ్వుట మాత్రము ఇంటనే అలవడవలెను. కావున రాత్రి భోజనముల వేళనైనను బిడ్డలతో తెలుగున మాటలాడుడు; ఒక సామెతయో, ఒక కథయో చెప్పుడు.

వచ్చు వార్షికోత్సవమునకు మన పిల్లలచేతనే తెలుగున నొక గాడిద వీలునామా వ్రాయింప నెంచితిమి. అందు ప్రధానోపాధ్యాయులకు చెవులే దక్కినను మేము సంతోషముతో స్వీకరింతుము.

సెలవు.