పోచంపాడు ఒండ్రు - కోనసీమ తీరము

(ఆర్మూరులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున ప్రచార శాఖాధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



పసుపు కొమ్ముల బేరము జరుగు ఈ ఆర్మూరులో నిలుచుండి, ఇచ్చటికి నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న సముద్రపుటొడ్డును గురించి చెప్పబూనుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని మన దాపుననే, పోచంపాడు వద్ద, గోదావరికి అడ్డుగా నిలిచిన శ్రీరాంసాగర్ ఆనకట్ట ఈ రెండు తావులను ఒకే లెక్కలో చేర్చినది. ఆ లెక్క నీటిది కాదు, మట్టిది. నీటి లెక్క మీకందరకు కంఠపాఠమే. జలాశయము ఎన్ని అడుగులు నిండినది, ఏ కాలువకు ఎన్నడు విడుతురు అన్నది మీ ఇండ్లలో పసిపిల్లలు సైతము చెప్పగలరు. మట్టి లెక్కను అడుగువారు తక్కువ. నేడు దానినే మీ ముందుంచెదను.

మొదట మట్టి నీటిలో ఎట్లు ప్రయాణము చేయునో తెలిసికొందము. వానకాలమున వాగునీటిని ఒక చెంబుతో ముంచి కదలక ఉంచినచో, ఇసుక క్షణములో అడుగునకు దిగును. మెత్తని ఒండ్రు గంటలలో దిగును. నీటికి రంగునిచ్చు మిక్కిలి సన్నని బంకమన్ను మాత్రము మరునాటికిని దిగదు. ఆ రేణువు మిల్లీమీటరులో 500వ వంతు కన్న చిన్నది. అయితే చిన్నదగుట ఒక్కటే కారణము కాదు. బంకమన్ను రేణువు పలుచని పలకవలె నుండును. ఆ పలక ముఖములపై ఋణ విద్యుదావేశము కలదు. ఒకే తీరు ఆవేశము గల వస్తువులు ఒకదానినొకటి త్రోసివేయును గనుక, ఆ రేణువులు దగ్గర చేరవు, గుంపు కట్టవు, బరువెక్కవు, దిగవు. మన పెద్దలు ఈ చిక్కును చిల్లగింజతో విప్పిరి. కుండ లోపలి వైపున చిల్లగింజను అరగదీసి బురదనీరు పోసినచో, గింజలోని జిగురు పదార్థము రేణువులను ఒకదానితో నొకటి ముడివేసి అడుగునకు దింపును. పటిక చేయు పనియు అదియే గాని, అది తనలోని ధనావేశముతో రేణువుల ఋణావేశమును అణచి, వానిని ముద్దకట్టించును.

కంటికి కనబడని ఆవేశమును నమ్ముట కష్టమనువారు తమ ఇంటి పసుపునే చూడవచ్చును. పసుపులో తడిసున్నము కలిపిన క్షణముననే పారాణి ఎర్రనగును. పసుపులోని కర్కుమిన్ అను అణువు సున్నముతో కలిసినపుడు ఋణావేశము పొందును. ఆ ఆవేశము అణువు పొడవునను వ్యాపించుటచే, అది పీల్చుకొను వెలుగు మారి రంగు మారును. అణువులలో ఆవేశము ఎట్లు సంచరించును, సూక్ష్మ కణములు తమంతట తామే ఎట్లు వరుసలు దీరి పదార్థములుగా కూర్చుకొనును అను ప్రశ్నలపై నేడు ప్రపంచమందలి ప్రయోగశాలలలో విస్తారముగా పరిశోధన జరుగుచున్నది. గోదావరి నది ఇట్టి ప్రయోగమునే వేలయేండ్లుగా తన ముఖద్వారమున చేయుచున్నది.

ఎట్లనగా, మంచినీటిలో ఒకదానికొకటి ఎడముగా తేలివచ్చిన బంకమన్ను పలకలు అచ్చట సముద్రపు ఉప్పునీటిని తాకును. ఉప్పులోని ధనావేశపు కణములు పలకల చుట్టు మూగి, వాని ఋణావేశపు ప్రభావమును కుంచించివేయును. అంతట త్రోపుడు తగ్గి పలకలు దగ్గరగును. ఒకదాని అంచు వేరొకదాని ముఖమునకు తగిలి, ఏటవాలుగా నిలిచి, అచ్చముగా పేకమేడవలె కూర్చుకొనును. ఎవ్వరును కట్టరు, అవియే కట్టుకొనును. నీటిని కడుపున దాచుకొన్న ఆ మెత్తని ముద్దలు బరువెక్కి అడుగున వ్రాలును. పోటు వచ్చినపుడు సముద్రము వానిని లోనికి నెట్టును, ఆటు తీసినపుడు వెలుపలికి లాగును. ఆ రాకపోకలలో కొంత బురద మడచెట్ల వేళ్ళ నడుమ చిక్కి అచ్చటనే నిలిచిపోవును. కోరంగి మడ అడవులు ఇట్టి బురదపైననే నిలిచియున్నవి. ఇసుక మార్గము వేరు. దానిని అలలు తీరము వెంబడి నడిపించి తిన్నెలుగా పోయును. కాకినాడ ఎదుట సముద్రములోనికి పొడవుగా చాచుకొనియున్న హోప్ దీవి అట్టి ఇసుకతో గత రెండు శతాబ్దుల కాలమున ఏర్పడినదే.

భూగర్భ శాస్త్రజ్ఞుల పరిశోధన ప్రకారము సుమారు 6,000 సంవత్సరముల క్రిందట సముద్రపుటంచు కొల్లేటి దాపున నుండెను. నేడు కొల్లేరు సముద్రమునకు 30 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. నడుమ నున్న నేలయంతయు గోదావరి, కృష్ణ తెచ్చి పోసినది. అందు నాసిక్ మొదలు మన కందకుర్తి వరకు గల నల్లరేగళ్ళ పాలు కూడ కలదు. కోనసీమ కొబ్బరితోటల క్రింది మట్టి ఒకనాడు ఎగువవారి పొలము మట్టియే. మట్టి రాక ఎల్లప్పుడును మేలే చేసినదనుట కూడ సరికాదు. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవు 1839 నాటి తుపానుచే దెబ్బతిని, పూడికచే క్రమముగా మూతపడినది.

ఇక మన వైపునకు వత్తము. ఆనకట్ట నీటిని ఆపును. ఆగిన నీరు తన బరువును దించుకొనును. ఇది ఏ ఇంజనీరు తప్పును కాదు, నీటి స్వభావము. మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరము మొదట 29 టి.ఎం.సి.లకు పైగా పట్టెడిది. ఒక టి.ఎం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. 1970ల నాటికి ఆ జలాశయము 12 టి.ఎం.సి.లు కూడ పట్టని స్థితికి వచ్చినది. తరువాత తలుపుల ఎత్తు పెంచి 17 టి.ఎం.సి.ల పైచిలుకునకు తెచ్చిరి. శ్రీరాంసాగరమునకు 1963 జూలై 26న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. అది నిండుమట్టమైన 1,091 అడుగుల వద్ద 112 టి.ఎం.సి.లు పట్టునని మొదటి అంచనా. 1994 నాటి కొలతలో సుమారు 90 టి.ఎం.సి.లే తేలినవి. అటు తరువాతి కొలతలో సుమారు 80కి దిగినది. అనగా పూడిక ఆక్రమించిన చోటు, నిజాంసాగరము పుట్టిననాటి మొత్తము కడుపు కన్న పెద్దది. కాకతీయ కాలువ చివరి రైతు నీటి కొరకు కనిపెట్టుకొని యున్నపుడు, అతనికి రావలసిన నీటి చోటున మరాఠ్వాడా రేగడియు, మన చల్కల మట్టియు కూర్చుండియున్నవి.

మనకు ఇచ్చట అడ్డమైన ఆ మట్టియే అచ్చట లోటగుచున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు గార్లు ఉపగ్రహ చిత్రములను సరిపోల్చి 2004లో ఒక పరిశోధనా వ్యాసమును ప్రకటించిరి. 1976 నుండి 2001 వరకు గల 25 ఏండ్లలో గోదావరి డెల్టా సముద్రపుటంచున, కొత్తగా ఏర్పడిన నేలను మినహాయించిన పిమ్మట, 1,836 హెక్టారుల భూమి సముద్రము పాలైనదని వారు తేల్చిరి. నదిలో తేలివచ్చు ఒండ్రు 1970లలో ఏటా 15 కోట్ల టన్నులుండగా, 1990లలో 6 కోట్ల టన్నుల లోపునకు పడిపోయినదని, ఎగువ ఆనకట్టలు ఇందుకు ముఖ్యకారణమని వారి నిర్ధారణ. సముద్రమట్టము పెరుగుట, డెల్టా నేల తనంతట తాను కుంగుట కూడ దీనికి తోడగుచున్నవి. బురదనేల సహజముగా అణగుచుండును. పూర్వము ఏటేటి వరద దానిపై కొత్త పొర వేసి ఆ లోటు తీర్చెడిది. ఉప్పాడ గ్రామమున ఇండ్లు కడలిలో కలియుట మీరు పత్రికలలో చూచియుందురు. ఆ ఊరి సంగతి కొంత వేరు. అచ్చటి కోతకు హోప్ దీవి పెరుగుదలయు, కాకినాడ రేవు కట్టడములును కారణములని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ప్రతి కోతను ఒకే ఖాతాలో వ్రాయరాదు.

ఇచ్చట మీలో ఎవరైనను ఒక ప్రశ్న వేయవచ్చును. మన మట్టి దిగువవారికి అవసరమైనపుడు, మట్టి కొట్టుకొనిపోకుండ గట్లు వేయుడు, చెరువులు పూడిక తీయుడు అని ప్రభుత్వము చెప్పుట దిగువవారికి అన్యాయము కాదా? న్యాయమైన ప్రశ్నయే. నా సమాధానమిది. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతమున ఆనకట్టకు ఎగువనున్న వాగుల మట్టి గట్టు దాటినను కోనసీమ చేరదు, శ్రీరాంసాగరములో పడి మన నీటిచోటునే తినును. డెల్టాకు నేడు చేరుచున్న ఒండ్రులో అధికభాగము మనకు దిగువన కలియు ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదులు తెచ్చునదియే. కావున మన పొలము మట్టిని మన పొలముననే నిలుపుట వలన డెల్టాకు కలుగు నష్టము స్వల్పము, మనకు కలుగు లాభము మెండు. నదీగర్భపు ఇసుక సంగతి అట్లు కాదు. అది తీరమును కాపాడు తిన్నెలకు మూలధనము. ఆనకట్టకు దిగువన అనుమతి లేక ఇసుక తోడుట, ఆ ఊరి బావుల నీటిమట్టమునకు మాత్రమే గాక తీరమునకు కూడ చెరుపు. జలాశయములోని పూడికను వరదతో పాటు అడుగు తూముల గుండ దిగువకు పంపు పద్ధతి కొన్ని దేశములలో కలదు. చైనాలో పసుపునదిపై ఇట్టి ప్రయోగములు 2002 నుండి జరుగుచున్నవి. అది మన పంచాయతీల చేతిలోని పని కాదు గనుక దానిని ఇంతటితో విడుతును.

మన చేతిలోనిది చెరువు. 2015 మార్చి 12న మిషన్ కాకతీయ ఆరంభమైనది సదాశివనగర్ చెరువు వద్దనే. ఆ ఊరు నేడు కామారెడ్డి జిల్లాలోనిదైనను నాడు మన జిల్లాలోనిది. రాష్ట్రమున 46 వేలకు పైబడిన చెరువులు, కుంటలు నాడు లెక్కకు వచ్చినవి. ట్రాక్టర్లతో పూడిక పొలములకు తోలుకొనిన రైతులు ఈ సభలోనే చాలమంది యుందురు. ఆ మట్టి చల్కకు ఎందుకు బలమిచ్చినదో ఇప్పుడు తేలికగా తెలియును. నీటిలో రేణువులను దిగనీయని ఋణావేశమే పొలములో ఎరువును పోనీయదు. పొటాషు, సున్నము, అమ్మోనియా ధనావేశపు రూపమున నుండును గనుక బంకమన్ను పలకలు వానిని అంటిపెట్టుకొని, వేరు అడిగినపుడు అందించును. ఒక గ్రాము నల్లరేగడి బంకమన్నులోని పలకల ముఖములన్నియు పరచినచో కొన్ని వందల చదరపు మీటర్లుండును. ఇసుకపాలు హెచ్చుగా గల ఎర్రచల్కకు ఇట్టి గాదె లేదు. వేసిన పొటాషు రెండు పెద్దవానలకు జారిపోవును. పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో నుండు పంట, పొటాషును విశేషముగా కోరు పంట. కావున చెరువుమట్టి చల్కలోని పసుపునకు ఎరువు మాత్రమే కాదు, ఎరువును దాచు గాదె కూడ. నైట్రేటు రూపమున నున్న నత్రజని ఋణావేశము గలది. దానిని ఈ గాదె పట్టదని కూడ గుర్తుంచుకొనవలెను. దానిని కొద్దికొద్దిగా పలుమార్లు వేయుటయే మార్గము.

అయితే చెరువుమట్టి అందరికి మందు కాదు. ఇదివరకే రేగడి గల పొలమున దానిని పోసినచో నీరు ఇంకక నిలుచును. నీరు నిలిచిన చోట పసుపునకు దుంపకుళ్ళు పట్టునని మీకు నేను చెప్పనక్కరలేదు. చెరువులో సైతము అన్ని చోట్ల మట్టి ఒక తీరుగా నుండదు. వాగు వచ్చి కలియు ముఖమున ఇసుక, తూము దాపున బంకమన్ను దిగును. తూము దాపు మట్టి మేలైనదని అందరు అచ్చటనే త్రవ్వబోదురు. పంచాయతీ అడ్డుపడవలసినది ఇచ్చటనే. కట్ట అడుగును ఆనుకొని త్రవ్వినచో కట్ట బలహీనమగును. పూడికను దాటి పాతనేల పొరను తెంచినచో చెరువు నీరు ఇంకిపోవును. ఏండ్ల తరబడి ఆ సన్నని మట్టి దిగి అడుగున వేసిన మూతయే చెరువును చెరువుగా నిలుపుచున్నది.

ఇంకొక మాట, కొంచెము కటువైనది. పూడికతీత జరుగు ఊళ్ళలో మట్టి మొదట ట్రాక్టరు గలవాని పొలమునకు, పిమ్మట ఇటుక బట్టీకి పోవుట, చిన్నరైతు చేను దాక రాకుండుట నేను పలుచోట్ల చూచితిని. బట్టీలో కాలిన మట్టి తన ఆవేశమును, సత్తువను కోల్పోయి మరల పొలము మట్టి కాజాలదు. గ్రామసభలో ముందుగానే సర్వే నెంబర్ల వారీగా చల్కభూముల పట్టిక వ్రాసి, ఎకరమునకు ఎన్ని ట్రాలీలో నిర్ణయించి, ట్రాక్టరు లేనివారికి మొదటి వంతు కేటాయించుట పంచాయతీకి అసాధ్యము కాదు. అద్దె భారమును ఎట్లు పంచుకొనవలెనో కూడ ఆ సభలోనే తేల్చుట మంచిది.

త్రవ్వుటకు ముందు మట్టిని పరీక్ష చేయించవలెను. చెరువు ఎండిన వేసవిలో వాగు ముఖమున, నడుమ, తూమునకు దూరముగా, ఇట్లు వేర్వేరు చోట్ల మూరెడు లోతు వరకు మట్టి తీసి, ఏ చోటి మట్టిని ఆ చోటిదిగా, కలపకుండ, నీడన ఆరబెట్టి, అర కిలో చొప్పున గుడ్డసంచిలో పోసి, చెరువు పేరు, త్రవ్విన చోటు వ్రాసిన చీటి లోపల నుంచవలెను. దానితో పాటు పోయదలచిన పొలము మట్టిని కూడ వేరొక సంచిలో పంపవలెను. ఏలన రెండింటిని పోల్చినగాని ఎన్ని ట్రాలీలు తగునో చెప్పజాలరు. ఎరువుల సంచులను ఇందుకు వాడరాదు, ఫలితము తారుమారగును. సంచులను మండల వ్యవసాయాధికారికి అందజేయవచ్చును. పసుపు వేయు పొలములను గూర్చిన సందేహములు కమ్మర్‌పల్లి పసుపు పరిశోధనా కేంద్రమున అడుగవచ్చును. తొలకరికి నెలన్నర ముందుగా ఫలితము చేతికందునట్లు చూచుకొనిన, మట్టి తోలి, చల్లి, దున్నుటకు వ్యవధి యుండును.