గ్రామమునకు వచ్చు ధనము - దాని పంపకము



చెరువు నీరు ఏ తూము వెంట, ఏ మడికి, ఎంతసేపు పారవలయునో చెప్పగల నీరటికాడు పూర్వము ఊరూరను ఉండెడివాడు. పంచాయతీకి వచ్చు సర్కారు ధనము ఏ లెక్కను పారుచున్నదో చెప్పగలవారు మాత్రము అరుదు. ఉద్యోగము విరమించిన పిమ్మట మా యూరివారు పంచాయతీ కాగితములు చదివి చెప్పుమని నాయొద్దకు తెచ్చుచుందురు. తరచుగ వారడుగు ప్రశ్న ఇది: "పంతులుగారూ, ఈ డబ్బు ఎవరి దయవలన వచ్చినది?" దయవలన గాదు, రాజ్యాంగము వలన.

1992లో చేయబడిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలునకు వచ్చినది. 280వ అధికరణమును బట్టి రాష్ట్రపతి ఐదేండ్లకొకమారు ఆర్థిక సంఘమును నియమించును. 243-ఐ అధికరణమును బట్టి గవర్నరు రాష్ట్ర ఆర్థిక సంఘమును నియమింపవలయును. మన తెలుగువారగు శ్రీ వై.వి.రెడ్డిగారు అధ్యక్షులుగా నున్న 14వ సంఘము, 2015-20 సంవత్సరములకు 2 లక్షల కోట్ల రూపాయలకు పైగా గ్రామ పంచాయతీలకే కేటాయించెను. శ్రీ ఎన్.కె.సింగుగారి 15వ సంఘము 2021-26 సంవత్సరములకు 2,36,805 కోట్ల రూపాయలను గ్రామ, మండల, జిల్లా సంస్థలు మూడింటికిని కలిపి సిఫారసు చేసెను. అందు గ్రామ పంచాయతీల వంతు నూటికి 70కి తగ్గరాదు, 85 మించరాదు.

రాష్ట్రముల నడుమ ఈ ధనమును పంచుటకు నూటికి 90 పాళ్లు 2011 జనాభా లెక్కను, 10 పాళ్లు భూవైశాల్యమును ఆధారముగ గొనిరి. రాష్ట్రములోపల పంపకము రాష్ట్ర ఆర్థిక సంఘపు సిఫారసును బట్టియైనను, అది లేనిచో ఈ 90, 10 పాళ్ల లెక్కనైనను జరుగవలయును. ఈ లెక్కలో ఊరి పేదరికమునకు స్థానము లేదు. 2011 తరువాత పెరిగిన జనమును ఇందు చేరరు. ఇండ్లు చెదరియున్న కొండయూరికి వైశాల్యము వలన దక్కునది స్వల్పము. ఈ సంగతి తెలిసిననే గాని రాష్ట్ర సంఘము నెదుట మన మొర వినిపింపజాలము.

ఇక నియమములు. 15వ సంఘపు ధనమున లక్ష రూపాయలు వచ్చినచో, 30 వేలు త్రాగునీరు మొదలగు నీటి పనులకు, 30 వేలు పారిశుద్ధ్యమునకు వినియోగింపవలయును. తక్కిన 40 వేలు ఊరి యవసరమును బట్టి వాడుకొనవచ్చును గాని జీతములకు వాడరాదు. లెక్కలు, ఆడిట్ పత్రములు ఆన్‌లైన్‌లో నుంచవలయును. ఎన్నికైన పాలకవర్గము లేనిచోట ఈ ధనము నిలిచిపోవును. ఆంధ్రప్రదేశమున 2018లో గడువు తీరిన పంచాయతీలకు 2021లో గాని ఎన్నికలు జరుగలేదు. ఎన్నిక వాయిదా పడుటయన్న గ్రామపు బొక్కసమునకు గండి పడుటయే.

నేనెరిగిన యొక యూర, నడివీధికి సిమెంటు బాట రెండుమార్లు పడినది. ఊరి చివరి వాడకు మాత్రము కుళాయి రాలేదు. ఆ వాడ స్త్రీలు పొలముల గట్ల మీదుగా బిందెలు మోయుచుండిరి. అడిగినవారికెల్ల "నిధులు లేవు" అను సమాధానమే దొరకెను. ఒక గ్రామసభలో ఆ వాడకు చెందిన వృద్ధురాలు లేచి, "నీళ్లకని ప్రత్యేకముగ వచ్చిన సొమ్ములో ఎంత మిగిలినది? చదివి వినిపించుడు" అని యడిగెను. లెక్క చదువక తప్పలేదు. నీటి పద్దున సొమ్ము మిగిలియున్నదని సభకు తెలిసెను. మరుసటి ప్రణాళికలో ఆ వాడ కుళాయి మొదటి పనిగా వ్రాయబడెను. ఆమె కోపముతో మాటలాడలేదు, ఎవరిని నిందింపలేదు. పద్దు పేరు తెలిసి యడిగినది, అంతియే.

కావున పెద్దలకు నా మనవి. ఏటేట గ్రామాభివృద్ధి ప్రణాళికకై సభ కూడునపుడు ఇంట కూర్చుండకుడు. సభ జరుగకయే సంతకములు గొనవచ్చినచో చేయకుడు. "ఈ-గ్రామ్ స్వరాజ్" అను ప్రభుత్వపు పోర్టల్‌లో మన యూరి ప్రణాళికయు, చెల్లింపులును చూడవచ్చును. చదువుకొన్న మనుమనిచేత ఫోనులో తెరపించి చదివించుకొనుడు. ఎంత వచ్చినది? ఏ పద్దున వచ్చినది? ఏ వాడలో ఖర్చైనది? ఆర్థిక సంఘములు మారినకొలది పాళ్లు మారుచుండును; ఈ మూడు ప్రశ్నలు మారవు.

సెలవు.