పది నానోమోళ్ల గీత

కోడెకు విత్తులు కొడితే కాడికి లొంగుతుందనీ, వదిలేస్తే ఆంబోతై చేల మీద పడుతుందనీ తెలుగు రైతుకు ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. ఒంట్లోని ఒక భాగానికీ ఆ జీవి నడతకూ ఉన్న ముడి పశువుల కొట్టంలో ఏనాడో తెలిసిపోయింది. ఆ ముడి నరాల్లో ఉందా, నెత్తుటిలో ఉందా అన్నది తేల్చినవాడు గ్యోటింగెన్ ఆచార్యుడు ఆర్నాల్డ్ బెర్తోల్డ్. 1849లో ఆయన ఆరు కోడిపుంజు పిల్లలను తీసుకున్నాడు. రెండింటికి వృషణాలు పూర్తిగా తీసేశాడు. అవి కూయలేదు, కలబడలేదు, తల మీద తురాయి ఎదగలేదు. మిగిలిన నాలుగింటికి వృషణాన్ని పాత చోటి నుంచి తెంచి కడుపులో పేగుల మధ్య ఉంచాడు. అది అక్కడే అతుక్కుని, కొత్త రక్తనాళాలు పట్టింది. ఆ నాలుగూ నిక్షేపంగా కూశాయి, పోట్లాడాయి, పెట్టల వెంటపడ్డాయి. నరం తెగినా కబురు అందుతోందంటే, మోసుకెళ్తున్నది రక్తమే.

ఇలా రక్తంలో నడిచే కబుర్లకు 1905లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త స్టార్లింగ్ ‘హార్మోను’ అన్న పేరు పెట్టాడు. 1935లో వృషణం పంపే హార్మోను, టెస్టోస్టిరాన్, చేతికి చిక్కింది. 1959లో అమెరికాలో ఫీనిక్స్, యంగ్ బృందం గినీ పందులపై మరో సంగతి కనిపెట్టింది. తల్లి కడుపులో ఉండగానే ఈ హార్మోను సోకిన ఆడ కూనలు పెద్దయ్యాక మగవాటిలా ప్రవర్తించాయి. మనుషుల్లోనూ దీని జాడ లేకపోలేదు. పుట్టుకతోనే అడ్రినల్ గ్రంథులు పురుష హార్మోన్లను ఎక్కువగా తయారుచేసే ఆడపిల్లల్లో, బళ్లూ కార్లతో ఆడుకునే ఇష్టం ఎక్కువ. అయినా వాళ్లలో అత్యధికులు తాము ఆడవాళ్లమనే చెబుతారు. గట్టిగా మాట్లాడే పిల్లను ‘మగరాయుడు’ అనేసే ఊరికి ఈ రెండో సంగతి చెవికెక్కదు.

ఈ సభకు వచ్చినవారిలో చాలామంది హైదరాబాద్ బయోడైవర్సిటీ జంక్షన్ రద్దీ దాటుకుని వచ్చినవారే. కంపెనీవాళ్లు ఏటా చేయించే హెల్త్ చెకప్ రిపోర్టు వారందరికీ పరిచయమే: ఒక వరుసలో అంకె, పక్క వరుసలో ‘రిఫరెన్స్ రేంజ్’, హద్దు దాటితే ముదురు అక్షరం. పీసీఓఎస్ అనే అండాశయ సమస్య ఉన్న అమ్మాయిల రిపోర్టుల్లో టెస్టోస్టిరాన్ అలా హద్దు దాటడం మామూలే. డాక్టరు మందు రాస్తారు, నడవమంటారు. నువ్వు ఆడదానివేనా అని ఎవరూ అడగరు.

స్ప్రింటర్ ద్యుతీ చంద్‌ను అడిగారు.

ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లా, చాకా గోపాల్‌పూర్. నేత పని చేసుకునే ఇల్లు. 2014 జూన్‌లో తైపీలో ఆసియా జూనియర్ పోటీల్లో రెండు బంగారు పతకాలు గెలిచిన 18 ఏళ్ల ఆ పిల్లను, జూలైలో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించారు. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య 2011లో గీసిన గీత లీటరుకు 10 నానోమోళ్లు. అది దాటిన మహిళ ఆపరేషనో మందులో తీసుకుని ఆ అంకె దించుకుంటేనే ట్రాక్ ఎక్కాలన్నది అప్పటి నిబంధన. జబ్బు లేని ఒంటికి వైద్యం! ద్యుతీ ససేమిరా అంది. లింగనిర్ధారణ పరీక్షల అన్యాయంపై పనిచేస్తున్న పయోష్ణీ మిత్ర అండగా నిలిచారు. టొరంటో న్యాయవాదులు ఫీజు లేకుండా వాదించారు.

2015 జూలైలో లౌసాన్ క్రీడా న్యాయస్థానం ఆ నిబంధనను రెండేళ్లు నిలిపేసింది. కండబలానికి ఈ హార్మోను కారణమని న్యాయమూర్తులు ఒప్పుకున్నారు. అయితే స్త్రీపురుషుల పరుగుల మధ్య తేడా పది, పన్నెండు శాతం ఉంటుందని చెప్పిన సమాఖ్య, సహజంగా హార్మోను ఎక్కువున్న స్త్రీకి కూడా అంత మేలు జరుగుతుందని చూపలేకపోయింది. మంచి తిండి, మంచి కోచ్ దొరికినా పరుగు మెరుగవుతుంది కదా.

ఆ మంచి కోచ్ ద్యుతీకి గచ్చిబౌలిలో దొరికాడు. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన బాలయోగి స్టేడియం, 2008లో తెరుచుకున్న పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ దగ్గరదగ్గరే ఉన్నాయి. గోపీచంద్ చోటిచ్చారు, నాగపురి రమేష్ పరుగు నేర్పారు. చుట్టూ అద్దాల భవనాల్లో కోడ్ రాసేవాళ్లు లిఫ్టుల కోసం నిలబడే వేళకే ఆమె స్టార్టింగ్ బ్లాకుల్లో పాదాలు ఆనించి, మోకాలు ఎంత వంచాలో సరిచూసుకునేది. 2016లో అల్మాటీలో 11.30 సెకన్లు పరుగెత్తి రియోకు అర్హత సాధించింది. ఒలింపిక్స్ 100 మీటర్లలో భారత మహిళ పరుగెత్తడం 1980లో పి.టి. ఉష తర్వాత అదే మొదలు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రెండు వెండి పతకాలు తెచ్చింది. ఆ ఏడు సమాఖ్య తెచ్చిన కొత్త నిబంధన గీతను 5కు దించినా, 400 మీటర్ల నుంచి మైలు దాకానే వర్తించింది. ద్యుతీ బయటపడింది, దక్షిణాఫ్రికాకు చెందిన 800 మీటర్ల రన్నర్ కాస్టర్ సెమెన్యా చిక్కుకుంది.

చరిత్ర చెప్పేటప్పుడు చేదు భాగం దాటవేయకూడదు. 2023లో ద్యుతీపై జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా నాలుగేళ్ల నిషేధం వేసింది. శాంపిళ్లలో దొరికినవి సార్మ్‌లు, అంటే టెస్టోస్టిరాన్ రిసెప్టర్‌కే వెళ్లి అతుక్కునే కృత్రిమ మందులు. బయటి నుంచి వచ్చిన మందు సంగతి వేరు, ఒళ్లు తనంతట తాను తయారుచేసుకున్న హార్మోను సంగతి వేరు. 2015 తీర్పు రెండోదాని గురించి.

రిసెప్టర్ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. హార్మోను తాళంచెవి అయితే అది తాళం. తాళం పాడైతే చెవులెన్నున్నా తలుపు తెరుచుకోదు. స్పెయిన్ హర్డిలర్ మరియా హొసే మార్టినెజ్ పటీన్యోది అదే కథ. 1985 కోబే పోటీల్లో పరీక్ష ఆమెలో ఎక్స్‌వై క్రోమోజోములు చూపి బయటికి నెట్టింది. ఆమె ఒంట్లో టెస్టోస్టిరాన్ ఉన్నా ఏ కణమూ దాని మాట వినదు. ఆమె పోరాడి, మూడేళ్లకు తిరిగి పరుగుకు అనుమతి తెచ్చుకుంది.

1968 మెక్సికో ఒలింపిక్స్ నాటి నుంచీ చెంప లోపలి కణాలు గీరి చేస్తూ వచ్చిన లింగనిర్ధారణ పరీక్షలను 1999లో ఒలింపిక్ కమిటీ మానుకుంది. అథ్లెటిక్స్ సమాఖ్య హార్మోను గీత మాత్రం 2023లో 2.5కు దిగి అన్ని పోటీలకూ పాకింది. 2025 సెప్టెంబరు టోక్యో ప్రపంచ పోటీల నాటికి మహిళా అథ్లెట్లకు, వై క్రోమోజోము మీద ఉండే ఎస్ఆర్‌వై జన్యు పరీక్ష తప్పనిసరైంది. మళ్లీ చెంప కణాలో, లేదంటే నెత్తుటి చుక్కో. 1990లో ఆ జన్యువును కనిపెట్టినవారిలో ఒకరైన ఆండ్రూ సింక్లెయిర్ దీన్ని బాహాటంగా వ్యతిరేకించారు. జన్యువు ఉందో లేదో చెప్పడం వరకే ఈ పరీక్ష పని అనీ, వృషణం ఏర్పడిందా, హార్మోను తయారైందా, తయారైనదాన్ని ఒళ్లు వాడుకుందా అన్నవి దానికి తెలియవనీ ఆయన రాశారు.