పని లేని రోజుల్లో పుట్టిన ఆట

2020 లాక్‌డౌన్‌లో పని లేక ఇంట్లో కూర్చున్న రోజులు మనలో ఎవరమూ మరువలేదు. పని పోయిన మగవాడికి అన్నం సహించదు, పిల్లల ముఖం చూడాలంటే సిగ్గు.

1931లో న్యూయార్కులో ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టుకు ఇదే గతి పట్టింది. దేశమంతా మాంద్యం, ఇళ్లు కట్టించేవారే లేరు. ఆయన ఏం చేశాడయ్యా అంటే, వార్తాపత్రిక ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాడు! ఇంట్లోవాళ్లు ఏమనుకున్నారో మరి. ఆ లెక్కనుబట్టి బిళ్లలు చేసి మాటలు పేర్చే ఆట కట్టాడు. 'ఇ' అక్షరానికి 12 బిళ్లలు, 'క్యూ'కు ఒక్కటే. ఆటల కంపెనీలు అక్కర్లేదన్నాయి. ఆయన మళ్లీ తన ఉద్యోగంలో చేరిపోయాడు. 1948లో జేమ్స్ బ్రూనో దానికి 'స్క్రాబుల్' అని పేరు పెట్టి అమ్మకానికి తెచ్చాడు. 1952 నుంచి గాని గిరాకీ రాలేదు.

అంటే కష్టకాలంలో ఆ ఆట ఆయనకు కూడు పెట్టలేదు. ఈ మాట దాచి యువకులకు ఆశలు చూపితే మనది మోసమవుతుంది. కాని ఆ రోజుల్లో ఆయన పొద్దున్నే లేచి కూర్చోవడానికి బల్ల మీద ఒక పని ఉండేది. మన ఇళ్లలో మూలపడిన కుట్టుమిషను, రంపం, రేడియో మరమ్మతు సామాను ఉన్నాయి కదా, ముందు వాటి దుమ్ము దులుపుదాం.